కాటా మీద గోదావరి

1967 నవంబరు పద్నాలుగున, బోధన్‌కు ఐదు మైళ్ళ దూరంలోని రేగులపల్లి బడి ఆవరణలో, మూడేళ్ళ లోపు పిల్లల పోటీలో మొదటి బహుమతి గోదావరికి వచ్చింది. పోటీకి నియమం ఒక్కటే. ఎవరు ఎక్కువ బరువు తూగితే వారే ఆరోగ్యవంతులు. చెరుకు మీద బతికే ఊరికి ఇంతకంటే న్యాయమైన కొలత తోచలేదు. ఆ నేల మీద పండినదంతా చివరికి కాటా ఎక్కవలసిందే కదా, పిల్లలు మాత్రం ఎందుకు ఎక్కకూడదు?

ఊరి చివర బెల్లం మిల్లు వాళ్ళు తమ కాటాను బండి మీద పంపించారు. దాని పలక మీద ఉతికిన దుప్పటి పరిచారు. మిల్లులో చెరుకు బండ్లు తూచే కాటాబాబు రాజారాం ముల్లు నిలిచేదాకా చూసి, అంకెను జనానికి చదివి వినిపించాడు.

“పదకొండు కిలోలు!”

చప్పట్లు మోగాయి. పిల్లకు రెండున్నరేళ్ళు. నిండుగా పొంగిన ముఖం, కళ్ళను మూసేసేంత బుగ్గలు, ఎర్రబారిన పలుచని జుట్టు. తల్లి భూమవ్వ సిగ్గుతో తల దించుకుంది. నాయనమ్మ ముత్తవ్వ తల దించుకునే మనిషి కాదు.

“మా ఇంట్ల పిల్లలు గిట్లనే ఉంటరు. తినబెట్టే చేతులల్ల ఉంటది,” అని పక్కనున్నవాళ్ళకు వినబడేలా అంది.

పూల బొమ్మలున్న పింగాణీపూత పళ్ళెం, రెండు కిలోల చక్కెర బహుమతి.

ఆడవాళ్ళ వెనుక వరుసలో, అందరికీ రెండడుగుల ఎడంగా నిలబడిన జ్ఞానమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆమె అంకెను వినలేదు. వినబడనిదాన్ని విన్నది. ఆ పొద్దున దుప్పటిలోంచి కూడా చల్లగా తగిలే ఇనుప పలక మీద పద్దెనిమిది మంది పిల్లలను కూర్చోబెట్టారు. పదిహేడు మంది గొంతు చించుకుని ఏడ్చారు. గోదావరి ఏడవలేదు. ఎత్తి కూర్చోబెడితే కూర్చుంది, దింపబోతే ఒరిగింది. ఎంత బుద్ధిమంతురాలో అని జనం మెచ్చుకున్నారు. ఆ బుద్ధిని జ్ఞానమ్మ పదేళ్ళ పాటు దవాఖాన మంచాల మీద చూసింది. దాని తరువాత వచ్చేదేమిటో కూడా చూసింది.

ఆమె జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి, ఎవరినీ అడగకుండా పిల్ల కుడి పాదం పట్టుకుని, బొటనవేలితో పైన నొక్కి పది లెక్కపెట్టి తీసింది. అక్కడ గుంట పడింది. తడిపిన జొన్నపిండి ముద్దలో వేలు దించినట్టు పడి, పూడకుండా అట్లాగే నిలిచింది.

“సారూ, గీ పిల్లకు ఒళ్ళు రాలే. నీరొచ్చింది,” అంది జ్ఞానమ్మ. “తిండిల బలం లేక ఉబ్బింది. గిది బహుమతి ఇచ్చే ఒళ్ళు కాదు, దవాఖానల పడేసే ఒళ్ళు.”

రాజారాం నవ్వాడు. “పదకొండు కిలోలు తూగిన పిల్లకు బలం లేదా? ఏందమ్మా నీ మాట?”

“మీరు దినాం కాటా కాడనే నిలవడ్తరు గద సారూ. నీళ్ళు సల్లుకొచ్చిన చెరుకు బండిని అల్లంత దూరంల ఉండంగనే పట్టుకుంటరు. బండికి గింత అని తూకంల కోత పెడ్తరు. తడి చెరుకు ఆనవాలు పట్టే కండ్లకు తడిసిన బిడ్డ కనవడలేదా?”

కోతల బాధ తెలిసిన రైతులు ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో రాజారాం ముఖం గట్టిపడింది.

“ఈ కాటాకు సర్కారు ముద్ర ఉంది. నీ బొటనవేలికి ఏ ముద్ర ఉంది?”

ముత్తవ్వ అంతకు ముందే పిల్లను లాక్కుని కొంగులో కప్పేసింది. “నా మన్మరాలిని ముట్టెటందుకు నీకెంత ధైర్నమే? గెలిసిన పిల్ల మీద కండ్లు పెడ్తవా? పో, మేం నీళ్ళు చల్లుకోని పిల్లకు తానం చేపించాలె ఇప్పుడు!”

జ్ఞానమ్మ వెనక్కి వచ్చేసింది. ఆ కోపం ఇంటికి చేరేదాకా ఆమె ముందు నడిచింది.

జ్ఞానమ్మ బతుకు కథ పెద్దదేమీ కాదు. నవీపేట్ దగ్గరి మెథడిస్టు కూలి కుటుంబంలో పుట్టింది. 1956లో, రాష్ట్రాలు కలిసిన ఏడాది, నిజామాబాద్‌లోని ఒక దవాఖానలో పిల్లల వార్డుకు ఆయాగా చేరింది. నేల తుడవడం, దొడ్లు కడగడం, పక్కబట్టలు ఉతకడం ఆమె పని. చూడటం, గుర్తుంచుకోవడం ఎవరూ చెప్పని పని. డాక్టరమ్మ ఉబ్బిన పిల్లల తల్లులకు పప్పు రోజుకు ఇన్ని గ్రాములు పెట్టండని చెప్పేది. తల్లులు తల ఊపేవారు. గుడిసెలో గ్రాము ఎక్కడ ఉంటుంది? మూడు వారాలకు అదే పిల్ల, అదే మంచం. మూడోసారి మంచం ఉండేది కాదు, చుట్టి తీసుకుపోయే చాప ఉండేది.

ఒకనాడు జ్ఞానమ్మ మందులు తూచే చిన్న త్రాసులో ఒక పూటకు వచ్చే పచ్చి కందిపప్పు తూచమని కాంపౌండరును బతిమాలింది. తూచిన పప్పును ఒక పిల్ల పిడికిట్లో పోసి చూసింది. ఇంచుమించు పిడికెడు. పూటకొక పిడికెడు, పిల్ల చేతి పిడికెడు. పిల్ల పెరిగితే కొలత తనంతట తానే పెరుగుతుంది. ఆమె దీన్ని డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. గోడ మీద పటం మాత్రం గ్రాముల్లోనే ఉండిపోయింది.

మోకాళ్ళు పట్టేసి పని మానినప్పుడు దవాఖాన వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. మనిషి నమ్మకస్తురాలు, వేళకు వచ్చేది అని రాశారు. ఆమెకు ఏం తెలుసో అందులో ఒక్క ముక్క లేదు. భర్త మోషేకు మిల్లు కాపలా పని దొరకడంతో ఇద్దరూ రేగులపల్లి వచ్చి ఏడాదైంది.

“నువ్వు గంత మంది ముందు అనకపోతే అయిపోతుండె,” అన్నాడు మోషే ఆ సాయంత్రం. “ఆ కాటాబాబే నాకు పని ఇచ్చినోడు.”

“ఆయన పని ఇచ్చిండు. పిల్ల పానం ఎవ్వలిస్తరు?”

“ఎవ్వల పిల్లో, మనకెందుకే?”

“పదేండ్లు మనకెందుకే అనుకుంటనే పక్కబట్టలు ఉతికిన. ఇగ అననీకి నా నోరు రాదు.”

మరునాడు ఆమె వెంకటి ఇంటికి వెళ్ళింది. వెంకటి గోదావరి తండ్రి, మిల్లుకు చెరుకు బండి తోలుతాడు. ముత్తవ్వ ఆమెను చూసి లోపలికి పోయింది కాని పొమ్మనలేదు. రాత్రి తానూ మన్మరాలి పాదం నొక్కి చూసుకుందని తరువాత తెలిసింది.

జ్ఞానమ్మ గడప బయటే కూర్చుంది. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి పదిహేడేళ్ళయింది. ఆ సంగతి వెంకటి ఇంటి గడపకు ఇంకా ఎవరూ చెప్పలేదు. పొయ్యి ఆమెకు కనిపిస్తుంది, అందదు. కనిపించినది చాలు.

భూమవ్వ కందిపప్పు కుండ దించింది. పప్పు అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన పసుపు నీటిని, పలుకు కూడా పడకుండా, ఎంతో శ్రద్ధగా పింగాణీ పళ్ళెంలోకి వంచింది. అందులో మెత్తటి అన్నం, ఒక చెంచా బహుమతి చక్కెర. అడుగున మిగిలిన ముద్దపప్పు వెంకటికి, అతని తమ్ముడికి.

“పిల్లకు పప్పేది?” అంది జ్ఞానమ్మ.

“ఇగో, కట్టు పోసిన గదక్కా. బలమంతా కట్టులనే ఉంటది. పిప్పి మొగోళ్ళకు.”

ఇది పిసినారితనమైతే తిట్టవచ్చు. ఇది ప్రేమ. ఆ తల్లి కుండలో శ్రేష్ఠమైనదని తాను నమ్మినదాన్ని, తానూ తాగకుండా, ఆరు నెలలుగా బిడ్డకు పోస్తోంది. కడుపులో మరొకటి పడి పాలు మాన్పించిన నాటినుంచి ఆ పిల్ల తిన్నది నీళ్ళు, అన్నం, తీపి. ఇంట్లో పప్పు లేక కాదు. పప్పు పిల్లలకు అరగదనీ, గుడ్డు వేడి చేస్తుందనీ, కష్టపడే మగవాళ్ళకే ముద్ద చెందాలనీ ఎవరో ఎప్పుడో తీర్పు చెప్పారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. నాలుగేళ్ళు నిండని వాళ్ళ తరఫున మాట్లాడేవారెవరూ ఆ న్యాయస్థానంలో లేరు.

“పిప్పా?” అంది జ్ఞానమ్మ. కోపంతో కుండ వైపు వేలు చూపించింది. “భూమవ్వా, మీరు బెల్లం వండుతరు గద. చెరుకు రసం కాగవెడితె ఏం మిగుల్తది?”

“బెల్లం మిగుల్తది.”

“రసంల ఉన్నది గనక మిగిలింది. ఇగ గీ కట్టు కాగవెట్టు. బలమంతా దీంట్ల ఉంటే అడుగున కనవడాలె గద.”

లోపలి నుంచి ముత్తవ్వ అంది: “పెట్టవే, పెట్టు! దీని నోరు మూతవడుతది.”

భూమవ్వ ఒక శేరు కట్టు వంచి మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టింది. బెల్లం పొయ్యి దగ్గర పెరిగిన మనిషి. మరిగేదాన్ని చూడటం ఆమెకు తెలుసు. నురుగు వచ్చింది, తగ్గింది, నీరు ఇంకింది. చివరికి మూకుడు అడుగున పసుపు మరక, ఉప్పు చార, గోటితో గీకితే గోరంత జిగట. ఆమె గోటిని చూసుకుంది, పిల్లను చూసింది.

“ఆర్నెల్ల సంది… నేను బిడ్డకు గిదే పోసిన్నా?” అంది.

“నువ్వొక్కదానివి కాదు,” అంది జ్ఞానమ్మ. “పప్పు పెట్టు. గుడ్డు పెట్టు. ముద్ద పెట్టు, నీళ్ళు కాదు.”

ఎంత పెట్టాలో చెప్పలేదు. పదేళ్ళు తాను కనిపెట్టుకున్న కొలతను, చెప్పవలసిన ఒక్క రోజున, కోపంలో మింగేసింది.

వెంకటికి బిడ్డంటే ప్రాణం. ఆ సాయంత్రమే బోధన్ అంగడి నుంచి అరడజను కోడిగుడ్లు, చెంబుడు బర్రెపాలు తెచ్చాడు. ఆరు నెలల బాకీ ఒక్క పూటలో తీర్చాలనుకున్నాడు. మూడు గుడ్లు తినిపించాడు, పైన చిక్కటి పాలు, దాని పైన ముద్దపప్పు. పిల్ల మింగింది, బుద్ధిమంతురాలు కదా. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి కళ్ళు పీక్కుపోయాయి. ఉబ్బు మాత్రం అట్లాగే ఉంది.

ముత్తవ్వ వీధిలో నిలబడి జ్ఞానమ్మ పేరు పెట్టి దుమ్మెత్తి పోసింది. “వేడి వస్తువులు తినవెట్టించి నా పిల్లను సంపుతున్నది! మేం పెట్టంగ బహుమతి వచ్చింది, ఇది చెప్పంగ పాడె వస్తున్నది!”

జ్ఞానమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. ఈసారి ఆమె కోపం తన మీదే. “నా నోరు పడ! ఏం పెట్టాల్నో చెప్పిన, ఎంత పెట్టాల్నో చెప్పలే. పొలం ఎండిందని చెరువు తెంపితె మడి ఉంటదా, కొట్టుకపోతది. వెంకటీ, బండి కట్టు. నిజామాబాద్ దవాఖానకు పోదాం.”

“దవాఖానకు పోయిన పిల్లలు మూటలల్ల తిరిగొస్తరు,” అంది ముత్తవ్వ.

అది అబద్ధం కాదు. ఆలస్యంగా తెస్తారు గనక చస్తారు. చస్తారు గనక ఆలస్యంగా తెస్తారు. ఆ గొలుసు రెండు కొసలూ జ్ఞానమ్మ పదేళ్ళు చూసింది. వెంకటి తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. బండి కట్టలేదు.

“అట్లయితె నేను ఇక్కడికెల్లి లేవ,” అంటూ జ్ఞానమ్మ గడప బయట చతికిలబడింది. “భూమవ్వా, నేను పొయ్యి ముట్టద్దు గద. నువ్వు ముట్టు. నేను చెప్తా.”

ఒక వంతు పాలు, రెండు వంతుల నీళ్ళు కాచి, చిటికెడు చక్కెర వేయించింది. చక్కెర విషం కాదు. ఒంటరిగా పెడితేనే మోసం. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని వేయనివ్వలేదు. అరచెమ్చా చొప్పున పోయించింది. పోసి, పిల్ల మింగి, నిలిచిందో లేదో చూసి, మళ్ళీ అరచెమ్చా. పిల్ల నాలుకతో బయటికి తోసేది. భూమవ్వ ఏడ్చేది. “ఏడుపు తరువాత ఏడ్వు, చెమ్చా ఒలకనియ్యకు,” అని జ్ఞానమ్మ గద్దించేది. రెండు రోజులు అదే పని. మూడో రోజు విరేచనాలు ఆగాయి. నాలుగో రోజు పిల్ల చెమ్చా కోసం నోరు తెరిచింది.

అప్పుడు జ్ఞానమ్మ పచ్చి పప్పు డబ్బా గడప దాకా తెప్పించింది. “పిల్ల చెయ్యి దాంట్ల పెట్టు. పిడికిట్ల ఎంత వస్తే గంత దానిది. నీది కాదు, నీ మొగనిది కాదు, అత్తది కాదు.”

ఉబ్బిన వేళ్ళు సరిగ్గా మూసుకోలేదు. వచ్చిన పలుకులను మెత్తగా ఉడికించి, మెదిపి, మొదటి రోజు అయిదో వంతు పెట్టించింది. మూడు రోజులకు సగం. పది రోజులకు పూటకొక పూర్తి పిడికెడు, రోజు విడిచి రోజు ఒక గుడ్డు, అంతే. వెంకటి ఇంకొంచెం పెడదామన్నప్పుడల్లా ఆమె చూసిన చూపుకు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. తన పళ్ళెంలో పప్పు తగ్గిందని అతని తమ్ముడు ఒకసారి సణిగాడు. “మూతి మీద మీసమొచ్చినోడివి, రెండేండ్ల పోరితోని పంచాయితీకొస్తవా?” అని ముత్తవ్వే కసిరింది. జ్ఞానమ్మ వింది, విననట్టు కూర్చుంది.

రెండో వారంలో పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. ఒక్క రోజులో ఆరు సార్లు, ఏడు సార్లు. పాదాల ఉబ్బు దిగింది, ముఖం ఉబ్బు దిగింది. నీరంతా పోయాక అసలు పిల్ల బయటపడింది. ఎముకల గూడు. పుల్లల్లాంటి కాళ్ళు, వేలాడే తోలు. దాన్ని చూసి ముత్తవ్వకు తిరిగి భయం పట్టుకుంది.

“బిడ్డను ఎండవెట్టిన్రే ఇద్దరు కలిసి! నిండు కుండసొంటి పిల్ల!” అని అరిచి, మన్మరాలిని చంకనేసుకుని మిల్లు వైపు నడిచింది. సర్కారు ముద్ర ఉన్న సాక్షి ఒకటే ఆమెకు తెలుసు. భూమవ్వ వెనుక పరుగెత్తింది. కాపలా దగ్గర మోషే చూసి పెళ్ళాన్ని పిలుచుకొచ్చాడు.

చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. రాజారాం వాటిని ఆపించి, ఆనాటి బెల్లం కాటా మీదే పిల్లను కూర్చోబెట్టాడు. ముల్లు ఊగి నిలిచింది.

“తొమ్మిది కిలోలు,” అన్నాడు. జ్ఞానమ్మ వైపు తిరిగాడు. “చూసినవా? నెల తిరగకుండా రెండు కిలోలు పోయింది. ఇదేనా నీ వైద్యం? కాటా అబద్ధం చెప్తదా?”

బండ్లవాళ్ళు గుమిగూడారు. ముత్తవ్వ ఏడుస్తోంది. జ్ఞానమ్మ నోరు తెరవబోయి ఆగింది. తాను ఎన్ని చెప్పినా ఆయా మాటే. పిల్ల తనది కాదు. రేపటి నుంచి పొయ్యి దగ్గర ఉండేది తాను కాదు. ఇప్పుడు భూమవ్వ కట్టు వైపు తిరిగితే, పిల్ల సంక్రాంతిని చూడదు. ఆమె భూమవ్వ ముఖం వైపు చూస్తూ నిలబడింది.

భూమవ్వ కాటా దగ్గరికి వెళ్ళింది. పుల్లలాంటి ఆ పాదాన్ని పట్టుకుని బొటనవేలితో నొక్కింది. పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టి వేలు తీసింది. గుంట లేదు. తోలు తిరిగి లేచింది. ఇంకో పాదం నొక్కింది. లేదు.

“కాటా అబద్ధం చెప్పలే సారూ,” అంది. ఇంతమంది మగవాళ్ళ ముందు ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. “ఆనాడు నీళ్ళు తూచిన్రు. ఆ కోత తీసేస్తే మిగిలిన బిడ్డ గిది. గీ తొమ్మిది కిలోలు నా బిడ్డయి. మీరిచ్చిన రెండు కిలోలు మీయి.”

ఈలోగా చల్లటి ఇనుము గోదావరి తొడలకు తగిలింది. పిల్ల ముఖం చిట్లించింది, పెదవి వంకర తిరిగింది. ఆనాడు పద్దెనిమిది మందిలో ఏడవని ఆ ఒక్క పిల్ల ఇప్పుడు నోరంతా తెరిచి, కాళ్ళతో కాటా పలకను తన్నుతూ, ఎద్దులు బెదిరి తలలు విదిలించేంత గట్టిగా, పట్టరాని కోపంతో ఏడ్చింది.

ముత్తవ్వ ఏడుపు ఆగిపోయింది. “అవ్వో, దీనికి గింత గొంతున్నదే!” అంది.

“ఉంటది,” అంది జ్ఞానమ్మ. “పప్పు యాళ్ళయింది. ఇంటికి తీస్కపోండ్రి.”

ముత్తవ్వ మన్మరాలిని ఎత్తుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది. “నువ్వేంది ఆడనే నిలవడ్డవు? రా, పిడికెడు ఎంతో ఎవలు సూడాలె?”

జ్ఞానమ్మ వెంట నడిచింది. గడప దాకానే. గోదావరి పప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, ఈసారి గట్టిగా మూసి, ఎవరు విడిపించబోయినా విడవలేదు.